పాప చెయ్యెత్తినంత ఎత్తు

కడప,
జూన్.

వీరభద్ర గారికి,

నమస్కారం. మా ఉమామహేశ్ అన్న ఇంట్లో నేను క్షేమం. మీరెలా ఉన్నారని అడగను. అడిగినా చెప్పే మనిషి కాదు. ఫోను చేద్దామంటే ఎప్పుడూ స్విచ్చాఫే. అందుకే ఈ ఉత్తరం.

ఇది పని మీద రాస్తున్నది. నెల కిందట ఏడురోడ్ల దగ్గర రాహేలమ్మ అనే ఆమె ఫోటో స్టూడియోలో పనికి చేరాను. భర్త పోయాక ఆమే నడుపుకుంటోంది. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు ఫోటోలు, లామినేషన్లతో నెట్టుకొచ్చింది. ఇప్పుడు ధైర్యం చేసి రెండు లైట్లు, వాటి వెలుగు పరిచే రెండు గొడుగులు, రెండు స్టాండ్లు కొన్నది. కొన్నది గానీ వాటిని ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తెలియదు. అటొకటి ఇటొకటి సమానంగా పెట్టి తీస్తే మొహాలన్నీ చపాతీల్లా వస్తున్నాయి. వెనక గోడ మీద ఒక్కో మనిషికి రెండేసి నీడలు. నిన్న ఒక లెక్చరర్ తన ఫోటో చూసుకుని, "ఏందమ్మా, నాకు కొమ్ములు మొలిపిచ్చినారు?" అన్నాడు.

"ఆత్మకూర్లో మీదీ స్టూడియోనే గదా, నీకు తెల్దా?" అని రాహేలమ్మ అడిగింది. నాకు సగమే తెలుసు. మన దగ్గర స్టాండు ఒకటే. రెండో లైటు ఇన్నేళ్లూ నా చేతుల్లోనే ఉండింది. మెయిన్ లైటు సంగతి మీరూ మన పాప హర్షిణీ చూసుకునేవాళ్లు. ఆ సగం రాసి పంపండి.

ఇంకొక మాట. సెప్టెంబరుకు పాప పోయి ఏడాది. ఆ కార్యం ఇక్కడ అన్న ఇంట్లో జరుపుతాం. గోడకు పాప ఫోటో పెట్టాలి. నేను పెట్టిన ఫోటోను మీరు గోడ మీది నుంచి తీసేసిన రోజే నేను బస్సెక్కాను. అదైనా ఏం ఫోటో? ఇంటర్ హాల్‌టికెట్ కోసం కాలేజీలో ఎవరో నిలబెట్టి తీసింది. ఒక చెవి ఫోటోలో పడలేదు, కళ్లు సగం మూసుకుపోయాయి. ఫోన్లో ఉన్నవన్నీ కుందేలు చెవులు, పిల్లి మీసాలు పెట్టుకున్న సెల్ఫీలు. ఊరందరికీ అందమైన ఫోటోలు తీసిన మనిషి కూతురికి ఒక్క మంచి ఫోటో లేదు. మీ దగ్గర ఏదైనా ఉందేమో చూడమని ఇంతకుముందూ అడిగాను. మళ్లీ అడుగుతున్నాను.

శివజ్యోతి


ఆత్మకూరు,
జూలై.

జ్యోతికి,

ఉత్తరం అందింది. గారు, మీరు అని రాశావు. పెళ్లయిన కాణ్ణుంచి ఒక్కసారైనా నన్ను మీరు అన్నావా? మా అమ్మ ఎదురుగా కూడా అనలేదు. చదువుతుంటే బ్యాంకు నోటీసు చదువుతున్నట్టుంది.

పని సంగతి రాస్తాను. ముందు కుర్చీని గోడ నుంచి ముందుకు జరపండి. కూర్చున్న మనిషికీ గోడకూ మధ్య ఇంకో మనిషి నడిచి పోయేంత సందు ఉండాలి. అప్పుడు నీడ కిందికి జారి నేల మీద పడుతుంది. రెండు లైట్లూ సమానంగా ఉంటే కొమ్ములే మొలుస్తాయి. ఒకటి పెద్దది, అదే మెయిన్ లైటు. ఇంకొకటి దానికి తోడు. పెద్దది మనిషికి పూర్తిగా ఎదురుగా వద్దు, పూర్తిగా పక్కనా వద్దు, రెండింటికీ నడిమి మూలలో పెట్టు. తలకంటే పైన ఉండాలి, గొడుగు కొంచెం కిందికి వంగి ఉండాలి. పెట్టాక ముక్కు నీడ చూడు. అది పెదవి మూల వైపు జారాలి, పెదవిని తాకకూడదు. రెండో లైటు కెమెరాకు అవతలి పక్క, కంటి ఎత్తులో, వెలుగు సగానికి తగ్గించి. నీడను పూర్తిగా తీసేయడం దాని పని కాదు, కొంచెం మెత్తబరచడం. అది నీకు నేను చెప్పేదేముంది?

లావు మొహం వస్తే కెమెరాకు దూరంగా ఉన్న చెంప మీద మెయిన్ లైటు వెయ్యి, సన్నగా కనిపిస్తుంది. బక్క మొహమైతే దగ్గరి చెంప మీద వెయ్యి. కళ్లద్దాలుంటే లైటును ఇంకొంచెం పైకి లేపు.

మామూలుగా మెయిన్ లైటు ఎంత ఎత్తులో ఉండాలో మాత్రం రాయలేను. నేనెప్పుడూ అడుగుల్లో కొలవలేదు. ఎట్లా కొలిచేవాళ్లమో నీకు తెలుసు.

స్టూడియో షట్టరు ఎత్తడం లేదు. నా కెమెరా లోపలే ఉంది. వేరేవాళ్ల కెమెరాతో బయటి పనులకు పోతున్నాను, పొలాల ఫోటోలు, పంట నష్టం ఫోటోలు. ఫోను ఎందుకు ఆపేశానంటే, వెలిగించగానే తెర మీద పాప ఉంటుంది. దాన్ని మార్చడానికి చేతులు రావు, చూడడానికి కళ్లు రావు.

నువ్వు అడిగిన రెండో సంగతికి జవాబు లేదు.

వీరభద్ర


కడప,
ఆగస్టు.

ఆత్మకూరు స్టూడియో యజమానికి,

సరే, నువ్వు అనే రాస్తున్నాను. బ్యాంకు నోటీసు మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎన్నాళ్లయిందో నవ్వి. మా వదిన వంటింట్లోంచి తొంగి చూసి, నాకేమైందో అనుకుంటూ వెళ్లిపోయింది.

కుర్చీ జరిపాం. కొమ్ములు పోయాయి. రెండో లైటు సగానికి తగ్గించి పక్కన పెట్టాను. రాహేలమ్మ మొదటి ఫోటో చూసి, "ఇదీ మొగమంటే! ఇన్నాళ్లూ మనం పాసుపోర్టు దొంగల్ని తీస్తాంటిమి శివజ్యోతీ," అంది. ఆమె నోటికి అడ్డూ ఆపూ లేదు. మంచి మనిషి.

మెయిన్ లైటు ఎత్తు మాత్రం కుదరడం లేదు. నా చెయ్యి ఎత్తి చూస్తే కిందికి ఉంది. రాహేలమ్మ చెయ్యి ఎత్తితే ఫ్యాను రెక్కకు తగిలేలా ఉంది. ఇద్దరం చేతులెత్తి నిలబడి ఉంటే లోపలికి వచ్చినాయన మమ్మల్ని చూసి బయటికి పోయాడు.

పాపకు ఎనిమిదేళ్లప్పుడు కదా ఆ కొలత మొదలైంది. స్కూలు నుంచి రాగానే పీట ఎక్కి చెయ్యెత్తేది. గొడుగు నడిమి భాగం అరచేతికి తగిలితే "ఓకే నాయనా" అనేది. ఏళ్లు గడిచినా ఆ పీట తీయాలని నీకు తోచలేదు, నాకూ తోచలేదు. పిల్ల పెరుగుతూనే ఉంది, లైటు పైకి పోతూనే ఉంది. ఒక ఏడాదంతా ఆత్మకూరు ఆడవాళ్ల ఫోటోల్లో ముక్కు కింద నల్లటి నీడ. బట్టల షాపు రాజ్యలక్ష్మమ్మ ఫోటో తెచ్చి నీ ముందు పడేసింది, గుర్తుందా? "ఏమప్పా వీరభద్రా, మా కోడలికి మీసాలు పెట్టినావే, పెళ్లికొడుకు నాయన మాదిరి ఉండాది!" అని. నువ్వు బల్బు మార్చావు, గొడుగు మార్చావు, కెమెరాను నంద్యాలకు రిపేరుకు తీసుకుపోదామన్నావు. అప్పుడు పాప పీట మీది నుంచి పడీ పడీ నవ్వింది. "నాయనా, పీట తీసెయ్. నేను పెరిగినా. నీకు కనపడ్లేదా?" అంది.

ఆ రోజు నుంచి నేల మీద నిలబడి చెయ్యెత్తేది. కొలత అయ్యాక స్టూలు మీద కూర్చునేది, నువ్వు ఒకటి రెండు టెస్టు ఫోటోలు తీసేవాడివి. గిరాకీ లోపలికి రాగానే లేచి పోయేది. కూర్చున్నప్పుడే ఒక మంచి ఫోటో తీద్దామని నువ్వు అనలేదు, నేను అనలేదు. ఇంట్లో పిల్లే కదా, ఎప్పుడైనా తీయొచ్చు అనుకున్నాం. డెంగీ జ్వరం నాలుగు రోజుల్లో తీసుకుపోతుందని ఎవరికి తెలుసు?

ఆ టెస్టు ఫోటోలు కంప్యూటర్లో ఎక్కడో ఉంటాయి. ఒక్కటి చాలు. వెతికి పంపు.

జ్యోతి


ఆత్మకూరు,
ఆగస్టు.

జ్యోతికి,

పీట సంగతి ఎందుకు గుర్తు చేశావు? అక్కడిదాకా చదివి ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. మిగతాది చదవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

టెస్టు ఫోటోలు లేవు. ఏ పూటవి ఆ పూటే తుడిచేసేవాణ్ణి. మెమరీ కార్డు నిండిపోతోందని నువ్వే అరిచేదానివి. నా బిడ్డ మొహం మీద లైటు సరిచూసుకుని, ఆ లైటులో ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి, నా బిడ్డను తుడిచేశాను. చాలా?

ఉన్నా ఇవ్వను. గోడ మీది ఫోటో అంటే ఏమిటో నాకంటే ఎవరికి బాగా తెలుసు? పోయినవాళ్ల ఫోటోలు ఎన్ని చేశాను! ఆధార్ కార్డు పట్టుకుని వస్తారు. చొక్కా మారుస్తాను, మూతపడిన కళ్లు తెరుస్తాను, వెనక నీలం రంగు పరుస్తాను. "దండకు జాగా వదులప్పా" అని చెప్పి పోతారు. తల పైన అంత ఖాళీ వదులుతాను. ఇన్నేళ్లలో ఆ మాట విని నా చెయ్యి ఒక్కసారీ ఆగలేదు. నువ్వు పాప ఫోటో గోడకు పెట్టిన రోజు మా చిన్నమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. చేతిలో మల్లెపూల దండ. అది చూసే ఫోటో లాగేశాను. నీ మీద కోపంతో కాదు. దండ వేస్తే పాప పోయినట్టే జ్యోతీ. నా బిడ్డ తల పైన ఖాళీ నేను వదలలేను.

ఈ సంగతి ఇంక నాకు రాయవద్దు.

వీరభద్ర


కడప,
ఆగస్టు చివర.

ఈ ఉత్తరం పైన ఏమని రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను. ఇన్నేళ్లూ నిన్ను "పాప నాయనా" అనే పిలిచాను. వంటింట్లోంచి పిలిచినా, బజార్లో పిలిచినా అదే పిలుపు. ఇప్పుడు ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంది.

లేవు అన్నావు. సరే, నమ్ముతాను. హాల్‌టికెట్ ఫోటోనే పెద్దది చేయించమని అన్నకు చెప్పాను.

దండ నాకు ముఖ్యం కాదు. వేస్తారో మానేస్తారో, నాకు పట్టదు. నేను ఎందుకు ఫోటో అడుగుతున్నానో నీకు చెప్పలేదు. చెప్పడానికి భయంగా ఉండింది. ఇప్పుడు చెబుతాను. పాప మొహం నేను మరిచిపోతున్నాను.

మొన్న ఒక తల్లి తన కూతురిని ఫోటోకు తీసుకొచ్చింది. ఉద్యోగానికి అప్లికేషనట. నేను లైట్లు పెట్టి పిల్ల గడ్డం పట్టుకుని మొహం తిప్పాను. నవ్వితే చెంప మీద గుంట పడింది. మా పాపకూ పడుతుంది అని ఆ తల్లితో అన్నాను. అనగానే ఆగిపోయాను. మన పాపకు ఏ చెంప మీద గుంట? కుడి చెంపా, ఎడమ చెంపా? ఎంత ఆలోచించినా రాలేదు. ఫోను తీసి సెల్ఫీలన్నీ చూశాను. కొన్నింటిలో కుడి వైపు ఉంది, కొన్నింటిలో ఎడమ వైపు ఉంది. సెల్ఫీలు కదా, అద్దంలో మాదిరి తిరగబడి పడ్డాయి కొన్ని. ఏది నిజమో ఏది తిరగబడిందో తెలియలేదు. అన్నను అడిగాను, తెలియదన్నాడు. వదినను అడిగాను, కుడి అని చెప్పి, మళ్లీ ఎడమేమో అంది. కన్నదాన్ని నేను. పద్దెనిమిదేళ్లు నీళ్లు పోసి, తల దువ్వి, బొట్టు పెట్టిన మొహం. నాకు తెలియలేదు.

మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే రాహేలమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఏడువమ్మా. ఏడిస్తే ఎవురూ ఏమీ అనుకోరు. మా ఆయన గొంతు నాకు యాడికి పోయిందో పోయింది. ఎంత మతికి తెచ్చుకున్నా వినపడదు," అంది. ఇద్దరం షాపు మూసేసి ఇంటికి పోయాం.

నీకు గుర్తుంటే ఒక్క మాట రాయి. ఏ చెంప? ఫోటో వద్దు. ఆ ఒక్క మాట చాలు.

జ్యోతి


ఆత్మకూరు,
సెప్టెంబరు.

జ్యోతీ,

ఎడమ చెంప.

ఆ ఒక్క మాట రాసి పోస్టు చేద్దామని కూర్చున్నాను. కలం ఎత్తాక తెలిసింది, నాకూ తెలియదని. కుడి అని రాశాను, కొట్టేశాను. కెమెరాలోంచి రోజూ చూసిన మొహం జ్యోతీ. నాకూ గుర్తు రాలేదు.

పోయి స్టూడియో షట్టరు ఎత్తాను. తుప్పు పట్టి కదలకపోతే పక్క కొట్టు నాగన్న వచ్చి పట్టాడు. "ఏమన్నా, తెరుస్తాండావా?" అన్నాడు పాపం, సంతోషంగా. నేను లోపలికి పోయాను. అంతా దుమ్ము. స్టూలు అట్లాగే ఉంది. మెయిన్ లైటు స్టాండు పాప కొలిచిన ఎత్తులో అట్లాగే నిలబడి ఉంది. ఆ రోజు తర్వాత దాన్ని ఎవరూ దించలేదు.

కెమెరాలో బ్యాటరీ చచ్చిపోయింది. చార్జింగుకు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. కార్డు అందులోనే ఉండిపోయింది. బద్వేలు వాళ్ల నిశ్చితార్థం ఫోటోలు తీసిన కార్డు. మరుసటి రోజే పాపకు జ్వరం వచ్చింది, అందుకే ఆ పూట టెస్టులు తుడవలేదు. ఒక్కటే ఉంది. స్టూలు మీద కూర్చోకముందే బద్వేలు వాళ్లు వచ్చేసినట్టున్నారు. నేను కెమెరా చేతిలో పట్టుకుని ఉండి ఊరికే నొక్కాను కాబోలు. గుర్తు లేదు.

పాప నిలబడి ఉంది. ఇంట్లో వేసుకునే పసుపుపచ్చ డ్రెస్సు. జడ సగం ఊడిపోయింది. ఎడమ చెయ్యి పైకెత్తింది, అరచెయ్యి గొడుగు నడిమికి ఆనింది. నన్ను చూసి నవ్వుతోంది. "ఓకే నాయనా" అనబోతున్నట్టు నోరు కొంచెం తెరిచి ఉంది. మెయిన్ లైటు పాప ఎడమ చెంప మీద పడింది. ఆ చెంప మీదే గుంట. సెల్ఫీ కాదు, నా కెమెరా తిరగేయదు. నమ్ము.

రెండో పక్క మొహం నీడలో ఉంది. నీ లైటు ఇంకా వెలిగించలేదు. ఫోటో అంచున నీ మోచెయ్యి, సగం తెరిచిన గొడుగు కనిపిస్తున్నాయి. ఆ నీడను కంప్యూటర్లో వెలిగిద్దామని చూశాను. ఇసుక చల్లినట్టు గరుకుగా వచ్చింది. వదిలేశాను. ఉన్నది ఉన్నట్టే ప్రింటు తీసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను.

గోడకు పెట్టుకో జ్యోతీ. ఎవరు దండ తెచ్చినా నేనేమీ అనను. కానీ చూడు, దీంట్లో దండకు జాగా లేదు. తల పైన ఖాళీ ఉండాల్సిన చోట పాప చెయ్యి ఉంది.

దీంతో ఒక దారం కూడా పెట్టాను, చూసుకోకుండా కవరు పారేయవద్దు. స్టాండు దించేముందు నేల నుంచి గొడుగు నడిమి దాకా దారం పట్టి తెంపాను. ఒక కొసకు ముడి వేశాను. ముడి కొస నేలకు పెట్టి కొలుచుకో. మీ రాహేలమ్మకు ఇంక చెయ్యెత్తే పని ఉండదు.

స్టాండు దించేటప్పుడు నా చేత కాలేదు. నాగన్నే దించాడు.

ఏడాది కార్యానికి వస్తాను. ఎవరూ నన్ను ఏమీ అడగకుండా చూడు.

వీరభద్ర


కడప,
సెప్టెంబరు.

పాప నాయనా,

ఇంకెట్లా పిలవాలో నాకు చేతకాదు. పాప లేకపోయినా నువ్వు పాప నాయనవే. ఇదే పిలుస్తాను. ఓర్చుకో.

కవరు స్టూడియోకే వచ్చింది. చింపి ఫోటో చూశాను. ఎడమ చెంప. ఎంత తేలికగా కనిపిస్తోంది! ఇంతకాలం ఎట్లా మరిచిపోయానో తెలియడం లేదు. చూసిన కొద్దీ ఏడుపు ఆగలేదు, చూడడం మానలేకపోయాను. నీడలో ఉన్న పక్క మీద వేలు పెట్టి రాస్తూ కూర్చున్నాను, వేలితో వెలుగుతుందా పిచ్చిదాన్ని కాకపోతే. ఇంకొక్క క్షణం ముందు నా లైటు వెలిగించి ఉంటే మొహమంతా ఉండేది. నువ్వు నొక్కుతావని నాకేం తెలుసు.

మూడు రోజులు ఫోటో అన్న ఇంట్లో ఉంచాను. వచ్చినవాళ్లు చూసి, చెయ్యి ఎందుకెత్తింది, ఏం పట్టుకుంది అని అడుగుతున్నారు. చెప్పలేక లోపలి గదిలోకి వెళ్లిపోతున్నాను. స్టూడియోలో పెడితే ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదనిపించింది. ఫ్రేము కట్టించి, మెయిన్ లైటు స్టాండు పక్క గోడకు తగిలించాను. అన్నకు కోపం వచ్చింది. చచ్చిపోయిన పిల్ల ఫోటో షాపులో ఏమిటన్నాడు. పైగా ఒక దండ కూడా తెచ్చాడు పాపం, తనకు తెలిసింది అది. రాహేలమ్మ ఆ దండ అందుకుని పక్కన పెట్టింది. "కొలత ఇస్తాండాది గదన్నా ఆ పిల్ల. పనిలో ఉండే పిల్ల మెడలో దండ ఏస్తే అడ్డం రాదా?" అంది. అన్న బయటికి పోయి కళ్లు తుడుచుకోవడం చూశాను.

కార్యం నాడు కూడా పాపను అక్కడి నుంచి కదిలించను. నువ్వు బస్సు దిగి నేరుగా స్టూడియోకే రా. ఎవరూ నిన్ను ఏమీ అడగరు. వచ్చేటప్పుడు నేను పట్టుకునే పాత లైటు తీసుకురా. ఇక్కడి రెండో లైటు స్టాండు మీద ఉంటుంది, నా చేతులకు పని లేదు.

రోజూ పొద్దున షట్టరు తీయగానే మొదటి పని దారమే. ముడి కొస బొటనవేలితో నేలకు నొక్కిపెట్టి, రెండో కొస రాహేలమ్మ చేతికి ఇస్తాను. ఆమె స్టాండు ఎత్తి దారం పై కొసకు గొడుగు నడిమిని తెచ్చి ఆపుతుంది. మొదటి రోజు ఆమె దారం చూసి, "ఎన్నాళ్లకో ఇది సాగిపోతాది, లేకుంటే చిక్కుబడతాది. అడుగుల కర్ర తెచ్చి గోడ మీద గీత గీసుకుందామా?" అని అడిగింది. వద్దన్నాను. మెయిన్ లైటు కింద ఎవరి ఫోటోలోనూ మీసాలు రావడం లేదు. నీడ పెదవి మూలకు జారి ఆగుతోంది, నువ్వు చెప్పినట్టే.

ఆత్మకూర్లో ఒక ఏడాదంతా కొలత తప్పింది, పిల్ల పెరుగుతోందని మనకు తెలియక. ఇప్పుడు ఆ భయం లేదు, పాప నాయనా. ఈ దారం ఎప్పటికీ సరిపోతుంది. ఇంక పాప పెరగదు.

జ్యోతి